రొమ్ములో నొప్పి లేని గడ్డ: స్తనార్బుదాన్ని అర్థం చేసుకొనుట

గృహవైద్యాన్ని శ్రద్ధగా ఆచరించే సోదరీమణులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి కలదు. "రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగులుతున్నది. నొప్పి ఏమీ లేదు. కరిగిపోవడానికి ఏదైనా పట్టు చెప్పండి" అని వారు అడుగుతారు. నా సమాధానం ఎప్పుడూ ఒకటే. "పట్టు వేయవద్దమ్మా. ముందుగా అది ఏ గడ్డయో పరీక్షలో తేల్చుకొని రండి."

ఆయుర్వేద వైద్యుడు ఇట్లు చెప్పడమేమిటని కొందరు ఆశ్చర్యపోతారు. నేను గురుకుల పద్ధతిలో, గురుముఖతః సంహితలను అధ్యయనం చేసినవాడను. ఈ సమాధానాన్ని నాకు నేర్పినవి ఆ సంహితలే. అది ఎట్లో ఈ వ్యాసంలో వివరిస్తాను. నవీన వైద్యశాస్త్రం కనుగొన్న విషయాలను కూడ దానితో జోడించి చెబుతాను. ఇంటిలోని స్త్రీలే కాక పురుషులు కూడ దీనిని చదువవలెనని నా కోరిక.

మన నగరంలో ఈ వ్యాధి

భారతదేశపు స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో నేడు ప్రథమ స్థానం రొమ్ము క్యాన్సర్‌దే. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా సోకినది. సుమారు 98,000 మంది మరణించారు. జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం 2020లో వెలువరించిన నివేదికలో, వయోభేదాలను సరిచూచిన లెక్క ప్రకారం, హైదరాబాదు జిల్లాలో ప్రతి లక్షమంది స్త్రీలకు ఏటా 48 మందికి ఈ వ్యాధి కనిపించినది. నమోదు కేంద్రాలున్న ప్రాంతాలన్నింటిలోను అదే అత్యధికం. చెన్నై, బెంగుళూరు, ఢిల్లీ మన తరువాతనే ఉన్నవి. కనుక ఇది ఎక్కడో పరదేశంలో ఉన్న వ్యాధి కాదు. మన్సూరాబాద్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ కాలనీలలోని మన ఇళ్ళకు సంబంధించిన విషయమే.

మరొక ముఖ్యాంశం. పాశ్చాత్య స్త్రీలతో పోల్చినప్పుడు మన స్త్రీలకు ఈ వ్యాధి సుమారు పది సంవత్సరాలు ముందుగానే వస్తున్నది. నలభై, యాభై సంవత్సరాల ప్రాయం, అనగా పిల్లల చదువులు, పెళ్ళిళ్ళ బాధ్యతలు తలపై ఉన్న వయస్సు. తన శరీరం సంగతి చివరకు నెట్టివేసే వయస్సు కూడ అదే.

శాస్త్రం ఏమి చెప్పినది?

సుశ్రుత సంహిత నిదానస్థానంలో పదవ అధ్యాయం స్తనరోగాలను వివరిస్తున్నది. గ్రంథి, అపచి, అర్బుదం, గలగండం అనేవాటిని పదునొకండవ అధ్యాయం వేరుగా వివరిస్తున్నది. ఈ విభజనలోనే గొప్ప వివేకం ఉన్నది.

స్తనరోగాలు ప్రధానంగా గర్భిణులకు, బాలింతలకు వచ్చేవి. పాలు నిలిచిపోవుట, వాపు, ఎరుపు, వేడి, తీవ్రమైన నొప్పి, తరువాత చీము పట్టుట వీటి లక్షణాలు. మన అమ్మమ్మలు "చన్ను గడ్డకట్టినది" అనేది దీనినే.

అర్బుదం స్వభావం ఇందుకు విరుద్ధం. అది గుండ్రముగా, కదలక స్థిరముగా ఉంటుంది. దాని మూలం లోతైనది. మెల్లగా పెరుగుతుంది. నొప్పి అల్పం. సాధారణంగా చీము పట్టదు. కఫము, మేదస్సు అధికమగుట చేత, దోషాలు ఒకేచోట స్థిరపడుట చేత దానికి పాకము లేదని ఆచార్యుడు కారణం కూడ చెప్పినాడు. ఒక అర్బుదంపై మరొకటి పుట్టుటను అధ్యర్బుదమని, జంటగా పుట్టుటను ద్విరర్బుదమని పేర్కొన్నాడు. రక్తార్బుద, మాంసార్బుదాలు అసాధ్యములన్నాడు.

ప్రాచీనులు చెప్పిన అర్బుదం, నేటి క్యాన్సర్ అక్షరాలా ఒకటే అనుట సరికాదు. అనేక రకాల కణితులు ఆ మాటలో ఇమిడి ఉన్నవి. కాని ఆ లక్షణాలలో గృహిణి నేర్చుకొనవలసిన పాఠం ఒకటి ఉన్నది. నొప్పి లేకపోవుట క్షేమానికి చిహ్నం కాదు. నొప్పి, వేడి ఉన్న గడ్డ మనలను వెంటనే వైద్యుని వద్దకు పంపుతుంది. నొప్పి లేని గడ్డ మనలను నిద్రపుచ్చుతుంది.

చికిత్సాస్థానంలో సుశ్రుతుడు మరొక హెచ్చరిక చేసినాడు. అర్బుదాన్ని కొంచెమైనను శేషం మిగలకుండా తొలగించవలెనని, శేషం మిగిలినచో అది ఆర్పకుండా వదిలిన నిప్పు వలె మరల పెరిగి రోగిని హరిస్తుందని ఆయన భావం. శస్త్రము, క్షారము, అగ్ని ఆయన పేర్కొన్న సాధనాలు. పైపై లేపనంతో సరిపెట్టుకొమ్మని ఆయన చెప్పలేదు. కనుక శస్త్రచికిత్స మన సంప్రదాయానికి పరాయిది అనుకొనుట పొరపాటు.

వ్యాధి స్వరూపం

రొమ్ములో పాలు తయారుచేసే చిన్న తిత్తులు, ఆ పాలను చనుమొనకు చేర్చే సన్నని నాళాలు ఉంటవి. ఎక్కువమందిలో క్యాన్సర్ ఈ నాళాల లోపలి పొరలోని కణాలలో మొదలవుతుంది. కణం పెరుగుటకు, ఆగుటకు దేహంలో ఒక కట్టుబాటు ఉన్నది. అది తప్పిన కణాలు గుణించి గడ్డగా మారుతవి. గడ్డ చేతికి తగిలే పరిమాణానికి చేరడానికి తరచు కొన్ని సంవత్సరాలు పడుతుంది. తరువాత ఆ కణాలు రసవాహినుల ద్వారా చంకలోని గ్రంథులకు, రక్తం ద్వారా ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు వంటి అవయవాలకు చేరగలవు. రొమ్ములో ఉన్నంతవరకు గడ్డ ప్రాణం తీయదు. ఇతర అవయవాలకు ప్రాకినప్పుడే ప్రాణాపాయం. కాలం ఇంత విలువైనది కావడానికి కారణమిదే.

కారణాలు - అపోహలు

ఈ వ్యాధికి ఒకే కారణం లేదు. వయస్సు పెరుగుట, చిన్న వయస్సులోనే రజస్వల అగుట, ముట్లు ఆలస్యంగా ఆగుట, సంతానం లేకపోవుట లేక ముప్పది సంవత్సరాల తరువాత తొలి కాన్పు, బిడ్డకు పాలివ్వకపోవుట, ముట్లు ఆగిన తరువాత స్థూలకాయం, వ్యాయామ లోపం, మద్యపానం, దీర్ఘకాలం హార్మోను మాత్రలు వాడుట - ఇవి ప్రమాదాన్ని పెంచుతవి. నూటికి ఐదు నుండి పది మందిలో మాత్రమే వంశపారంపర్య దోషం స్పష్టంగా ఉంటుంది. తల్లికి, అక్కచెల్లెళ్ళకు, మేనత్తకు, పినతల్లికి రొమ్ము లేక అండాశయ క్యాన్సర్ వచ్చినవారు ముందుగానే వైద్యునికి తెలుపవలెను. తండ్రి వైపు చరిత్ర కూడ సమానంగా ముఖ్యమే.

స్తన్యపానం తల్లికి కూడ రక్ష. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2002లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, తల్లి పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకు ఆమెకు ఈ వ్యాధి ప్రమాదం నూటికి 4.3 వంతున తగ్గుతున్నది. అయితే పాలిచ్చిన తల్లులకు రాదని మాత్రం కాదు.

ఇక అపోహలు. దెబ్బ తగిలినందువలన, బిగుతైన లోదుస్తులవలన, పాలు మిగిలిపోయినందువలన క్యాన్సర్ రాదు. ఇది అంటువ్యాధి కాదు. పూర్వజన్మ పాపం అంతకన్నా కాదు. అట్లనుకొని రోగిని వేరు పళ్ళెంలో తినమనుట, శుభకార్యాలకు దూరంగా ఉంచుట క్రూరత్వం. ఈ వ్యాధి అరుదుగా పురుషులకు కూడ వస్తుంది. మొత్తం రోగులలో వారు నూటికి ఒకరు.

గమనించవలసిన లక్షణాలు

రొమ్ములో గాని చంకలో గాని క్రొత్తగా తగిలే గడ్డ, గట్టిపడిన భాగం. రొమ్ముల ఆకారంలో, పరిమాణంలో క్రొత్తగా వచ్చిన తేడా. చర్మం సొట్టపడుట, లేక బత్తాయి తొక్కవలె గుంటలు పడుట. చనుమొన లోపలికి లాగుకొనుట. దానిపై మానని పుండు, పొక్కు. ఒక చనుమొన నుండి దానంతట అదే రక్తం గాని నీరు గాని స్రవించుట - ఇవి ముఖ్య లక్షణాలు.

మరొక సూక్ష్మ విషయం. అరుదైన ఒక రకం క్యాన్సర్ గడ్డగా కనిపించదు. రొమ్మంతా ఎర్రబడి, వాచి, వేడిగా ఉండి చీముగడ్డను తలపిస్తుంది. కనుక చీముగడ్డ అని మందులు వాడిన తరువాత రెండు వారాలలో తగ్గనిచో, మరల పరీక్ష చేయించవలెను.

భయపడకుండా ఉండడానికి ఇది కూడ చెప్పవలెను. చేతికి తగిలే గడ్డలలో అధిక భాగం క్యాన్సర్ కావు. యువతులలో వేళ్ళ మధ్య జారిపోయే గడ్డలు, నీటి తిత్తులు, ముట్టుకు ముందు వచ్చి తగ్గే గడ్డలు సామాన్యం. కాని ఏది సామాన్యమో తేల్చవలసినది పరీక్ష. ఊహతో, చేతి స్పర్శతో మాత్రమే తేల్చరాదు. నాడి పట్టుకొని తేల్చగలనని చెప్పేవారిని నమ్మరాదు. నాడీపరీక్ష నేర్చినవాడనై ఈ మాట చెబుతున్నాను.

స్వయంగా గమనించుట

ముట్టు మొదలైన ఏడవ రోజు నుండి పదవ రోజు లోపల రొమ్ములు మెత్తగా ఉంటవి; గమనించడానికి అదే అనువైన సమయం. ముట్లు ఆగినవారు నెలలో ఒక తేదీని నిర్ణయించుకొనవలెను. అద్దం ముందు నిలచి చేతులు క్రిందికి ఉంచి, పైకి ఎత్తి, నడుముపై ఆనించి ఆకారం చూడవలెను. తరువాత వెల్లకిల పండుకొని, భుజం క్రింద చిన్న దిండు ఉంచి, మూడు నడిమి వ్రేళ్ళ మెత్తని భాగంతో రొమ్మంతటిని, చంకను, మెడ ఎముక వరకు వలయాకారంగా తడిమి చూడవలెను. గిల్లి చూచినచో మామూలు కండ కూడ గడ్డవలె తోస్తుంది.

దీని పరిమితిని కూడ చెప్పుట న్యాయం. చైనాలోని షాంఘై నగరంలో రెండున్నర లక్షలకు పైగా స్త్రీలపై జరిపిన పరిశోధన ఫలితాలు 2002లో వెలువడినవి. స్వయంపరీక్ష నేర్పినంత మాత్రాన మరణాలు తగ్గలేదని అందులో తేలినది. తన శరీరం ఎట్లుంటుందో తెలిసికొని మార్పును త్వరగా గుర్తించడానికి అది ఉపకరిస్తుంది. వైద్య పరీక్షకు అది ప్రత్యామ్నాయం కాదు.

శిక్షణ పొందినవారి చేతి పరీక్షకు మాత్రం మన దేశంలోనే నిదర్శనం ఉన్నది. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి 1998లో ఆరంభించి, మురికివాడలలోని సుమారు లక్షన్నర మంది స్త్రీలను ఇరవై సంవత్సరాలు అనుసరించినది. రెండేళ్ళకొకసారి శిక్షితులైన ఆరోగ్య కార్యకర్తలు చేతితో పరీక్షించిన స్త్రీలలో వ్యాధి ముందు దశలలోనే బయటపడినది. యాభై దాటినవారిలో మరణాలు నూటికి సుమారు 30 వంతు తగ్గినవి. ఈ ఫలితాలు 2021లో ప్రకటితమైనవి. ఖరీదైన యంత్రం లేకనే ఇంత మేలు జరిగినది. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు కూడ 30 నుండి 65 సంవత్సరాల స్త్రీలకు ఐదేళ్ళకొకసారి ఈ పరీక్ష జరుగవలెనని చెప్పినవి. నలభై దాటినవారు మామోగ్రామ్ విషయం వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను.

వ్యాధి నిర్ధారణ

గడ్డ ఉన్నప్పుడు మూడు మెట్లు ఉంటవి. మొదటిది వైద్యుని పరీక్ష. రెండవది చిత్రం; యువతులకు సాధారణంగా అల్ట్రాసౌండ్, పెద్దవారికి మామోగ్రామ్ కూడ. మూడవది సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచుట, అనగా బయాప్సీ. ఈ మూడింటినీ కలిపి చూచినప్పుడే నిర్ణయం దృఢమవుతుంది.

"సూది గుచ్చితే క్యాన్సర్ కదిలి ఒళ్ళంతా ప్రాకుతుంది" అనే భయం మన ఇళ్ళలో బలంగా ఉన్నది. ఇది నిజం కాదు. ఆ ముక్క లేనిదే చికిత్సకు దారి లేదు. అందులోనే హార్మోన్ గ్రాహకాలు ఉన్నవా, హెర్-2 అనే మాంసకృత్తు అధికంగా ఉన్నదా అని చూస్తారు. ఏ మందు పనిచేయునో ఆ ఫలితమే చెబుతుంది.

కొన్ని సంవత్సరాల క్రితం సమీప కాలనీ నుండి నలభై ఎనిమిదేళ్ళ గృహిణి ఒకరు నా వద్దకు వచ్చినది. మొదట బఠాణీ గింజంత ఉన్న గడ్డ తొమ్మిది నెలలలో నిమ్మకాయంత అయినది. కూతురి పెళ్ళి అయ్యేవరకు ఇంట్లో చెప్పలేదు. ఎవరో ఇచ్చిన ఘాటైన లేపనం పూస్తూ వచ్చినది. చర్మం కాలి పుండు పడినది. "నొప్పి లేదు కదా అనుకున్నానండీ" అన్నది. ఆమె భర్తను పిలిపించి, వెంటనే క్యాన్సర్ ఆసుపత్రికి పంపినాను. ముందుగా మందులిచ్చి గడ్డను తగ్గించి, తరువాత రొమ్మంతా తీసివేసి, కిరణ చికిత్స కూడ ఇవ్వవలసి వచ్చినది. ఆమె కోలుకున్నది. బఠాణీ గింజంత ఉన్ననాడు పోయి ఉంటే చికిత్స ఇంత దీర్ఘం, ఇంత కఠినం అయ్యేది కాదు.

చికిత్స

రొమ్ము తీసివేస్తారనే భయమే చాలామందిని ఆపుతున్నది. తొలి దశలో అన్నిసార్లు రొమ్మంతా తీయనవసరం లేదు. గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని తీసి కిరణ చికిత్స ఇచ్చినచో, రొమ్మంతా తీసినవారితో సమానంగా జీవించగలరని అమెరికా, ఇటలీ దేశాలలో ఇరవై సంవత్సరాలు అనుసరించిన పరిశోధనలు 2002లో ధ్రువపరచినవి. త్వరగా పోయినవారికే ఈ అవకాశం. వ్యాధి స్వభావాన్ని బట్టి కీమోథెరపీ, హార్మోన్ మాత్రలు, హెర్-2కు గురిపెట్టిన ఇంజెక్షన్లు ఇస్తారు. హార్మోన్ మాత్రలు ఐదు సంవత్సరాలు, కొందరికి అంతకంటె ఎక్కువ కాలం వాడవలెను; బాగున్నదని మధ్యలో మానరాదు.

కీమోథెరపీ అనగానే "ఇంగ్లీషు విషం" అనేవారికి ఒక తెలుగువాని కథ చెప్పవలెను. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శారీర శాస్త్రం బోధించారు. తరువాత అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధక బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దానికి విరోధులైన మందులను తయారుచేసినది. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌ను మరి రెండు మందులతో కలిపి ఇచ్చినప్పుడు, శస్త్రచికిత్స తరువాత రొమ్ము క్యాన్సర్ తిరిగి వచ్చుట తగ్గినదని 1976లో ఇటలీలోని మిలాన్ వైద్యులు ప్రకటించారు. ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పిన తెలుగు మేధావి కృషి ఈ చికిత్స పునాదిలో ఉన్నది.

గృహవైద్యం హద్దు ఎక్కడ?

పాలు గడ్డకట్టినప్పుడు గోరువెచ్చని నీటి కాపడం, బిడ్డకు తరచు పాలుపట్టుట, పాలు మాన్పించవలసినప్పుడు మల్లెపూలు కట్టుట మన సంప్రదాయంలోని మంచి ఉపాయాలు. అవి బాలింతలకు చెప్పినవి. జ్వరం వచ్చినా, చీము పట్టినా వైద్యుని చూడవలెను. బాలింతకు చెప్పిన ఆ ఉపాయాలను నలభై ఐదేళ్ళ స్త్రీ రొమ్ములోని గట్టి గడ్డకు వాడరాదు.

క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఈ క్రింది విషయాలు పాటించవలెను:

1. బిళ్ళగన్నేరు ఆకులు నమలరాదు, కషాయం త్రాగరాదు. ఆ మొక్కలోని ద్రవ్యాల నుండి క్యాన్సర్ మందులు వచ్చిన మాట నిజమే. కాని రాశుల కొద్దీ ఆకు నుండి అత్యల్పంగా లభించే ద్రవ్యాన్ని శుద్ధిచేసి, తూచి, రక్తనాళంలోకి ఇస్తారు. ఇంటి కషాయానికి మాత్ర లేదు, కొలత లేదు. అది విషం కాగలదు.

2. వంటలో పసుపు యథాప్రకారం వాడవచ్చును. పసుపు సారపు గుళికలు, అశ్వగంధ, శతావరి, భస్మాలు, రసౌషధాలు - చికిత్స చేసే వైద్యునికి చెప్పకుండా ఏదీ వాడరాదు. కొన్ని కాలేయాన్ని బాధిస్తవి. కొన్ని మందుల పనిని మార్చగలవు.

3. "లంఖణం పరమౌషధం" అనే మాట ఇక్కడ వర్తించదు. క్యాన్సర్‌ను ఆకలితో మాడ్చవచ్చునని ఉపవాసాలు చేసినచో క్షీణించేది రోగి బలమే. పెసరకట్టు, మెత్తని అన్నం, రాగి జావ, పప్పు, కాచిన పాలు, అలవాటున్నవారు ఉడికించిన గ్రుడ్డు తీసుకొనవలెను. కీమోథెరపీ రోజులలో పచ్చి కూరలు, బజారులో కోసి ఉంచిన పండ్లు వద్దు.

4. వికారానికి ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు మానక, వైద్యుని అడిగి కొద్దిగా అల్లం తీసుకొనవచ్చును. నోటి పుండ్లకు ఉప్పు, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీటితో పుక్కిలించవలెను. జ్వరం వచ్చినచో ఇంటి వైద్యం చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

5. చంకలోని గ్రంథులు తీసిన తరువాత చేయి వాయవచ్చును. ఆ చేతికి వేడి నూనెతో గట్టి మర్దన చేయరాదు. వైద్యులు నేర్పిన వ్యాయామం చేయవలెను.

చికిత్స ముగిసిన తరువాత నడక, ప్రాణాయామం, సాత్త్వికాహారం, తగిన నిద్ర బలాన్ని తిరిగి ఇస్తవి. మన శాస్త్రం సేవ చేయవలసిన స్థానం ఇది.

ఎక్కడికి పోవలెను?

తొలి పరీక్షకు సమీపంలోని శస్త్రవైద్యుని గాని, స్త్రీ వైద్యురాలిని గాని సంప్రదించవచ్చును. వనస్థలిపురంలో ప్రభుత్వ ప్రాంతీయ ఆసుపత్రి ఉన్నది. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955లో మెహదీ నవాజ్ జంగ్ గారి కృషితో ఏర్పడినది; నేడు అది ప్రభుత్వ ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం. మన వైపు వారు ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కినచో, రైలు మారకుండానే లకడీకాపూల్ వరకు పోవచ్చును. రెడ్ హిల్స్ అక్కడికి సమీపమే. బంజారాహిల్స్‌లోని బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి 2000 నుండి సేవలందిస్తున్నది. అర్హత గల కుటుంబాలకు ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ చికిత్స కలదు.

ముగింపుగా

సోదరీమణులు మూడు విషయాలు గుర్తుంచుకొనవలెను. క్రొత్త గడ్డ తగిలినచో ఆ రోజే ఇంట్లో చెప్పవలెను. రెండు వారాలు దాటకుండా వైద్యునికి చూపవలెను. పరీక్ష ఫలితం వచ్చేవరకు ఏ పట్టూ వేయరాదు.

ఇంటి యజమానులకు ఒక మాట. తల్లి, భార్య, సోదరి సిగ్గుతో, సంకోచంతో సగం చెప్పి ఆపివేసిన మాటను మీరు పూర్తిగా వినవలెను. పెళ్ళి ముహూర్తం, పిల్లల పరీక్షలు, గృహప్రవేశం కోసం వైద్యాన్ని వాయిదా వేయరాదు. ఆ శుభకార్యాలన్నింటికీ ఆమె ఉండవలెను కదా!